బ్రాహ్మి, చిట్టెలుక, డిప్రెషన్: మూలికలను జంతువుల మీద పరీక్షించడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఎం.ఫార్మసీ ప్రాజెక్టులు మొదలయ్యే రోజుల్లో విద్యార్థులు ఇవే సందేహాలతో వస్తారు. "ఫలానా ఆకుతో డిప్రెషన్ మాయం" అని పేపర్లో చదివినవాళ్లు ఫోన్ చేసి అడిగేవి కూడా దాదాపు ఇవే. అందుకని జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఉదాహరణకు ఎక్కువగా బ్రాహ్మినే తీసుకున్నాను. మన దేశంలోనే దాని మీద చాలా పని జరిగింది, పైగా ఈ రంగంలో ఎదురయ్యే చిక్కులన్నీ ఆ ఒక్క మొక్కలోనే కనిపిస్తాయి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఎలుకకి నిజంగా డిప్రెషన్ వస్తుందా మేడమ్?

మనిషికి వచ్చినట్టు రాదు. దిగులుగా ఉందా, బతకాలని లేదా అని ఎలుకను అడగలేం. ఆ జబ్బులో కొన్ని ముక్కలను మాత్రం కొలవగలం: తీపి మీద ఇష్టం తగ్గడం, తప్పించుకునే ప్రయత్నం మానేయడం, ఒళ్లు శుభ్రం చేసుకోకపోవడం, ఒత్తిడి హార్మోను పెరగడం. అందుకే థీసిస్‌లో "డిప్రెషన్ తగ్గింది" అని రాయకూడదు, "డిప్రెషన్ లాంటి ప్రవర్తన తగ్గింది" అని రాయాలి.

ఒక మోడల్ (జంతువులో జబ్బును పోలిన స్థితిని తెప్పించే పద్ధతి) ఎంత నమ్మదగినదో చూడటానికి మూడు ప్రశ్నలు వేసుకుంటాం. పైకి కనిపించే లక్షణాలు మనిషి జబ్బును పోలి ఉన్నాయా? దాన్ని తెప్పించిన కారణం మనిషిలో కారణానికి దగ్గరగా ఉందా? మనుషులకు పనిచేసే మందులు దీనిలోనూ పనిచేస్తున్నాయా? మూడింటికీ పూర్తిగా అవునని చెప్పగల మోడల్ ఇప్పటిదాకా లేదు.

ఇన్ని మాత్రలున్నాయి కదా, మళ్లీ మూలికల వెంట పడటం ఎందుకు?

ఉన్న మాత్రలు అందరికీ సరిపోవడం లేదు. అమెరికాలో దాదాపు 4,000 మందితో జరిగిన స్టార్-డి అధ్యయనంలో మొదటి మందుతో లక్షణాలు పూర్తిగా తగ్గినవాళ్లు మూడో వంతుకు మించలేదు. మందు పనిచేయడానికి వారాలు పడుతుంది. వికారం, లైంగిక సమస్యలు తట్టుకోలేక మధ్యలో మానేసేవాళ్లూ ఉన్నారు.

ఇంకో కారణం చరిత్రలో ఉంది, నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది. డిప్రెషన్ గురించి మనకున్న మొదటి రసాయన సిద్ధాంతానికి దారి చూపింది మన సర్పగంధి వేరే. 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ దాన్ని రక్తపోటుకూ ఉన్మాదానికీ వాడిన అనుభవం ప్రచురించారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగుల్లో దాని ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా మందుల కంపెనీ శాస్త్రవేత్తలు ఆ వేరు నుంచి రెసర్పిన్‌ను విడదీశారు. ఆ మందు వాడినవాళ్లలో కొందరు దిగులులో పడ్డారని వైద్యులు గమనించారు. మరోపక్క ప్రయోగశాలల్లో రెసర్పిన్ ఇచ్చిన జంతువుల మెదడులో సెరటోనిన్, నారడ్రినలిన్, డోపమిన్ నిల్వలు ఖాళీ అవుతున్నాయని తేలింది. ఈ రెండింటినీ కలిపి చూడటంతో "మోనోఅమైన్లు (ఈ మూడూ ఆ కోవవే) తగ్గితే డిప్రెషన్" అన్న ఆలోచన బలపడింది. రెసర్పిన్ నిజంగానే డిప్రెషన్ తెస్తుందా అని తర్వాతి సమీక్షలు గట్టిగానే ప్రశ్నించాయి. అయినా ఆ వేరు వేయించిన ప్రశ్నల మీదే దశాబ్దాల పరిశోధన నడిచింది.

బ్రాహ్మి అంటే సరస్వతి ఆకేనా?

కాదు. మన ఇళ్లలో పచ్చడి చేసే గుండ్రటి సరస్వతి ఆకు సెంటెల్లా ఏషియాటికా. ఈ పేజీలో బ్రాహ్మి అన్నది బకోపా మొన్నియరి: నీటి గట్ల మీద పాకే, చిన్న మందపాటి ఆకులున్న మొక్క. దీన్ని నీటి సాంబ్రాణి అని కూడా అంటారు. బజారులో బ్రాహ్మి పేరుతో రెండూ దొరుకుతాయి. సరస్వతి ఆకులో ఏషియాటికోసైడ్, బ్రాహ్మిలో బకోసైడ్లు అనే వేర్వేరు రసాయనాలు ఉంటాయి కాబట్టి ఒకదాని మీద వచ్చిన ఫలితం ఇంకోదానికి చెల్లదు.

## మొక్క, సారం

మొక్కను మేమే తెచ్చాం, గుర్తుపట్టాం. అయినా బోటనీ సర్టిఫికెట్ ఎందుకు?

మీ ప్రయోగాన్ని ఎవరైనా మళ్లీ చేయాలంటే మీరు వాడింది ఏ మొక్కో వాళ్లకు కచ్చితంగా తెలియాలి. వర్గీకరణ నిపుణుడి చేత గుర్తింపు చేయించండి, ఎండబెట్టిన నమూనాను హెర్బేరియంలో (ఎండు మొక్కల భాండాగారంలో) నంబరుతో దాచండి. ఎక్కడ, ఏ నెలలో సేకరించారో రాయండి. బ్రాహ్మి విషయంలో మరో జాగ్రత్త ఉంది: ఇది తడి నేలల్లో పెరుగుతుంది, సీసం, కాడ్మియం వంటి లోహాలను బాగా పీల్చుకుంటుంది. మురుగు కాలువ పక్కన కోసిన మొక్కతో ఎలుకల మెదడు మీద ప్రయోగం చేస్తే అందులో మూలిక పని ఎంతో, లోహం పని ఎంతో చెప్పలేరు. భార లోహాల పరీక్షకు ముందే డబ్బు పక్కన పెట్టుకోండి.

ఇంట్లో కషాయం కాస్తారు కదా, ల్యాబులో ఆల్కహాల్ ఎందుకు వాడతారు?

నీళ్లలోకి దిగేవి వేరు, ఆల్కహాల్‌లోకి దిగేవి వేరు. బకోసైడ్ల వంటి సపోనిన్లను రాబట్టడానికి ఇథనాల్, మిథనాల్ లేదా నీళ్లు కలిపిన ఆల్కహాల్ అనువైనవి. సంప్రదాయ వాడకం నిజమా కాదా అన్నదే మీ ప్రశ్న అయితే కషాయాన్నే పరీక్షించాలి. చురుకైన పదార్థం ఏదో వెతకడమే మీ పని అయితే ఆల్కహాల్ సారం తీసుకోండి. ఏది వాడినా ఎన్ని గ్రాముల పొడి నుంచి ఎన్ని గ్రాముల సారం వచ్చిందో తప్పక రాయాలి.

సారంలో బకోసైడ్ ఎంతుందో చెప్పకపోతే ఏమవుతుంది?

"200 మి.గ్రా." అన్న అంకెకు అర్థం ఉండదు. నేల, కాలం, ద్రావకం మారితే బకోసైడ్ల శాతం మారిపోతుంది. బకోసైడ్-ఎ కూడా ఒక్క పదార్థం కాదు. బకోసైడ్ ఎ3, బకోపసైడ్-2, బకోపసపోనిన్-సి, దాని జుజుబోజెనిన్ ఐసోమర్ కలిసిన మిశ్రమం అది. డబ్బా మీద "బకోసైడ్లు 50 శాతం" అని ఉంటే ఏ పద్ధతిలో కొలిచారో అడగండి. అతినీలలోహిత కాంతి పద్ధతిలో వచ్చే అంకె హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాలను విడదీసి ఒక్కోదాన్ని కొలిచే పద్ధతిలో) వచ్చేదానికన్నా చాలా ఎక్కువగా ఉంటుంది, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. మీ కాలేజీలో హెచ్‌పీఎల్‌సీ లేకపోతే బయట ల్యాబులో చేయించండి. ఈ ఖర్చు తగ్గించుకున్న థీసిస్‌లు తర్వాత ఎవరికీ అక్కరకు రావడం నేను చూడలేదు.

డోసు ఎలా తేల్చాలి? అందరూ 100, 200, 400 అనే ఎందుకు పెడతారు?

అలవాటుగా. విషప్రభావం చూసే ఓఈసీడీ 423 అనే అంతర్జాతీయ పద్ధతిలో 2,000 మి.గ్రా./కిలో దాకా చిట్టెలుకకు ఏమీ కాలేదని చూపించి, అందులో పదో వంతు 200 అనుకుని, దాని కిందా పైనా ఒక్కో డోసు పెడుతుంటారు. 2,000 దగ్గర చావలేదంటే ఆ డోసు ప్రాణం తీయలేదని మాత్రమే అర్థం. ఏ డోసు పనిచేస్తుందో ఆ పరీక్ష చెప్పదు.

మనిషి వాడే మోతాదు నుంచి వెనక్కి లెక్క కట్టడం మంచి దారి. శరీర ఉపరితల వైశాల్యం ఆధారంగా మనిషి డోసును (మి.గ్రా./కిలోల్లో) చిట్టెలుకకైతే (మౌస్) 12.3తో, పెద్ద ఎలుకకైతే (రాట్) 6.2తో గుణించాలి. మనుషుల పరీక్షల్లో బ్రాహ్మి సారం ఎక్కువగా రోజుకు 300 మి.గ్రా. వాడారు. 60 కిలోల మనిషికి అది 5 మి.గ్రా./కిలో. చిట్టెలుకకు సుమారు 61, ఎలుకకు సుమారు 31 మి.గ్రా./కిలో అవుతుంది. 2002లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎలుకలకు ఇచ్చింది 20, 40 మి.గ్రా./కిలో, ఈ లెక్క సరిగ్గా ఆ రెండింటి మధ్య పడుతుంది. చిట్టెలుకకు 400 ఇస్తే మనిషికి రోజుకు దాదాపు 2 గ్రాముల సారం ఇచ్చినట్టు. అంత మింగడం జరిగే పనేనా అని ముందే ఆలోచించండి.

## అనుమతి, జంతువులు

ఎలుకలే కదా, వాటికి కూడా అనుమతి కావాలా?

కావాలి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన సీసీఎస్‌ఈఏ (పాత పేరు సీపీసీఎస్‌ఈఏ) దగ్గర మీ సంస్థ జంతుశాల నమోదై ఉండాలి. ఫారం-బి నింపి సంస్థలోని జంతు నైతిక కమిటీ ముందు పెట్టాలి. కమిటీ ఒప్పుకుని నంబరు ఇచ్చాకే తొలి డోసు. ఎన్ని జంతువులు, ఎందుకన్ని, నొప్పి ఎలా తగ్గిస్తారు, ఏ స్థితిలో ప్రయోగం ఆపేస్తారు అన్నవి కమిటీ అడుగుతుంది. సీనియర్ల దరఖాస్తు నుంచి దించిన జవాబులు అక్కడ నిలవవు. ప్రయోగం ముగిశాక తేదీలు సర్ది అనుమతి తెచ్చుకునే ఆలోచన ఎవరైనా చెప్తే వినకండి, అది నేరం.

తెచ్చిన రోజే ప్రయోగం మొదలుపెట్టొచ్చా?

వద్దు. ప్రయాణం వాటికి పెద్ద ఒత్తిడి. కనీసం వారం రోజులు అలవాటు పడనివ్వండి: 12 గంటలు వెలుగు, 12 గంటలు చీకటి, 22 డిగ్రీలకు అటూ ఇటూగా గది వేడి, గుంపుగా ఉంచడం. మన ఎండాకాలంలో కరెంటు పోయి జంతుశాల ఉడికిపోతే ఆ వారం కొలతల మీద నమ్మకం పెట్టుకోవద్దు. జంతువులను నమోదైన సరఫరాదారుల దగ్గరే కొనాలి.

అందరూ మగవాటినే వాడుతున్నారు. మేమూ అలాగే చేయాలా?

ఆడ ఎలుకల్లో నాలుగైదు రోజులకోసారి తిరిగే ఋతుచక్రం వల్ల కొలతలు చెదురుతాయని పాత వాదన. కానీ మనుషుల్లో డిప్రెషన్ ఆడవాళ్లకు దాదాపు రెట్టింపు. ఎక్కువగా ఎవరికి వస్తుందో వాళ్లను వదిలేసి మందు వెతకడం నాకు నచ్చదు. వీలైతే రెండు లింగాలనూ తీసుకుని విడివిడిగా లెక్క చూపండి. ఒక్కదాన్నే వాడితే ఆ పరిమితిని స్పష్టంగా రాయండి.

గ్రూపుకి 6 చాలవా?

6 అన్నది సంప్రదాయం, లెక్క కాదు. ఎంత తేడాను పట్టుకోవాలనుకుంటున్నారు, పాత కొలతల్లో చెదురు ఎంతుంది అన్న రెండింటితో పవర్ లెక్క (తేడా ఉంటే పట్టుకోగల అవకాశం ఎంతో చెప్పే లెక్క) కట్టి సంఖ్య తేల్చాలి. ఈత పరీక్షలో చిట్టెలుకకూ చిట్టెలుకకూ మధ్య తేడా చాలా ఉంటుంది. మరీ తక్కువ జంతువులతో చేసి ఏమీ తేలకపోతే ఆ ప్రాణాలన్నీ వృథాగా పోయినట్టే.

## ప్రవర్తన పరీక్షలు

ఈత పరీక్షలో అసలు ఏం కొలుస్తారు?

1977లో రోజర్ పోర్సోల్ట్ బృందం తెచ్చిన పరీక్ష ఇది. ఎక్కడానికి పట్టు దొరకని గాజు స్తంభంలో 25 డిగ్రీల నీళ్లు పోసి చిట్టెలుకను 6 నిమిషాలు ఉంచుతారు. మొదట ఈదుతుంది, గోడ గీకుతుంది. తర్వాత ముక్కు పైకి ఉంచి కదలకుండా తేలుతుంది. చివరి 4 నిమిషాల్లో అలా కదలకుండా ఉన్న సెకన్లను లెక్కిస్తాం. ఇమిప్రమిన్, ఫ్లూఆక్సిటిన్ వంటి డిప్రెషన్ మందులు ఈ సమయాన్ని తగ్గిస్తాయి. పెద్ద ఎలుకలకైతే మొదటి రోజు 15 నిమిషాలు, మర్నాడు 5 నిమిషాలు. కొలిచేది రెండో రోజుదే.

1995లో వచ్చిన మార్పు చాలా ఉపయోగం. 5 సెకన్లకోసారి చూసి ఈత, పైకెక్కే ప్రయత్నం, కదలకపోవడం అని మూడుగా విడగొడతారు. సెరటోనిన్ పెంచే మందులతో ఈత పెరుగుతుంది, నారడ్రినలిన్ పెంచే మందులతో ఎక్కడం పెరుగుతుంది. మెకానిజం వైపు ఇది తొలి సూచన.

కొన్ని చేతి జాగ్రత్తలు. ప్రతి జంతువుకూ నీళ్లు మార్చండి. తోక అడుగుకు ఆననంత లోతు ఉంచండి. బయటికి తీసిన వెంటనే తుడిచి, వెచ్చటి దీపం కింద ఆరనివ్వండి. మునుగుతున్నదనిపిస్తే ఆ క్షణమే తీసేయండి. వీడియో తీసి, ఏ గ్రూపుదో తెలియని మనిషి చేత లెక్క కట్టించండి. డోసు ఇచ్చిన మనిషే స్టాప్‌వాచ్ పట్టుకుంటే తెలియకుండానే వేలు మందు వైపు మొగ్గుతుంది.

కదలకుండా తేలడమంటే "ఆశ వదులుకోవడం" అని రాయొచ్చా?

రాయకండి. పేరు పెట్టిన రోజుల్లో అలాగే అనుకున్నారు. తప్పించుకునే దారి లేదని నేర్చుకుని శక్తి దాచుకోవడం కూడా కావచ్చని ఇప్పుడు చాలామంది వాదిస్తున్నారు. మనకు కచ్చితంగా తెలిసింది ఒక్కటే: మనుషులకు పనిచేసే చాలా మందులు ఆ సమయాన్ని తగ్గిస్తాయి. కాబట్టి దీన్ని మందులను జల్లెడ పట్టే పరీక్షగానే చూడాలి.

కాఫీ లాంటి హుషారు మందు ఏదైనా ఈ పరీక్ష పాసైపోదా?

పాసవుతుంది. కెఫీన్, ఆంఫెటమిన్ ఇస్తే జంతువు ఊరికే ఎక్కువ కదులుతుంది, కదలని సమయం తగ్గుతుంది. అందుకే అదే డోసుతో ఆక్టోఫోటోమీటర్‌లోనో (కదలికను లెక్కించే పరికరం) ఓపెన్ ఫీల్డ్‌లోనో (ఖాళీ పెట్టె) మామూలు కదలికను కూడా కొలవాలి. ఈతలో కదలని సమయం తగ్గి, మామూలు కదలిక మారకపోతేనే డిప్రెషన్ వైపు మాట్లాడొచ్చు. ఈ ఒక్క పట్టిక లేని పేపర్‌ను నేను పక్కన పెట్టేస్తాను.

తోక పట్టి వేలాడదీసే పరీక్ష ఒక్కటే చేస్తే సరిపోదా?

1985లో వచ్చిన ఆ పరీక్ష తేలిక: తోకకు టేపు అంటించి 6 నిమిషాలు వేలాడదీయడమే. తడవదు కాబట్టి ఒళ్లు చల్లబడే చిక్కు లేదు. కానీ పెద్ద ఎలుకలకు బరువు వల్ల పనికిరాదు. సీ57 జాతి చిట్టెలుకలు తోక పట్టుకుని పైకెక్కేస్తాయి, వాటిని లెక్కలోంచి తీసేయాలి. ఈత పరీక్షతో పాటు చేస్తే ఒకదానికొకటి సాక్ష్యం. ఒక్కటే చేస్తే ఆధారం పలుచన.

డోసు ఇచ్చిన గంటకే తేడా కనిపించింది. ఇంకా వారాల తరబడి ఎందుకు?

మనుషుల్లో ఈ మందులు పనిచేయడానికి వారాలు పడుతుంది. గంటలో వచ్చే తేడా ఆ నెమ్మదైన మార్పుకు అద్దం పట్టదు. పైగా అక్కడ జంతువు ఆరోగ్యంగానే ఉంది, దానికి తగ్గాల్సిన జబ్బేమీ లేదు.

అందుకే 1980లలో పాల్ విల్నర్ బృందం స్థిరపరిచిన దీర్ఘకాలపు తేలికపాటి ఒత్తిడి మోడల్ ఎక్కువ బరువైనది. కొన్ని వారాల పాటు, ఏ రోజు ఏం జరుగుతుందో జంతువు ఊహించలేకుండా చిన్న చిన్న ఇబ్బందులు పెడతారు: పంజరం 45 డిగ్రీలు వంచడం, పరుపు తడపడం, పగలూ రాత్రీ తారుమారు చేయడం, కొంతసేపు నీళ్లో తిండో ఆపడం. ఊహించలేకపోవడమే ఇందులో ప్రాణం. రోజూ ఒకే వరసలో చేస్తే జంతువు అలవాటు పడిపోతుంది.

ఆ తర్వాత పక్కపక్కన రెండు సీసాలు పెడతారు, ఒకదాంట్లో మామూలు నీళ్లు, ఇంకోదాంట్లో 1 శాతం చక్కెర నీళ్లు. మామూలు ఎలుక తీపి వైపే పోతుంది. ఒత్తిడి పడ్డ ఎలుకకు ఆ ఇష్టం తగ్గుతుంది, మందు ఇస్తే మెల్లగా తిరిగొస్తుంది. సీసాల స్థానం మార్చడం మరవొద్దు. ఎలుకలు ఒకే మూలకు అలవాటు పడతాయి. ఆనందం ఆరిపోవడమన్నది మనిషి డిప్రెషన్‌లోనూ కీలక లక్షణం కాబట్టి, సమయం ఉన్న విద్యార్థి ఎవరైనా ఈ మోడలే చేయాలని నా కోరిక.

ఇవన్నీ క్రూరం కాదా?

వాటికి బాధ ఉంది, లేదని చెప్పను. బ్రిటన్ ప్రభుత్వానికి సలహా ఇచ్చే కమిటీ 2023లో ఈత పరీక్ష వాడకాన్ని గట్టిగా పరిమితం చేయాలని సూచించింది. కొన్ని పెద్ద మందుల కంపెనీలు ఈ పరీక్షను మానేశాయి. 1959లో రస్సెల్, బర్చ్ చెప్పిన మూడు సూత్రాలే మనకు కొలబద్ద: జంతువు లేకుండా కుదిరితే అలా చేయాలి, తప్పనప్పుడు తక్కువ వాటితో చేయాలి, బాధ తగ్గించాలి. పేపర్ల లెక్క కోసం, ఇప్పటికే పదిమంది చేసిన మొక్కనే అదే పద్ధతిలో మళ్లీ నీళ్లలో వేయడాన్ని నేను సమర్థించలేను.

## మెదడులో ఏం జరుగుతోంది

మెదడులో సెరటోనిన్ పెరిగిందని చూపిస్తే మెకానిజం తేలినట్టేనా?

తేలినట్టు కాదు. రెండూ కలిసి కనిపించాయి, అంతే. ప్రవర్తన మారినందువల్లే సెరటోనిన్ మారి ఉండొచ్చు, లేదా రెంటికీ వేరే కారణం ఉండొచ్చు. ఆ దారిని మూసేసి, అప్పుడు మూలిక ప్రభావం పోతుందేమో చూడాలి.

పీసీపీఏ అనే పదార్థం సెరటోనిన్ తయారీకి కావాల్సిన ట్రిప్టోఫాన్ హైడ్రాక్సిలేజ్ ఎంజైమును ఆపేస్తుంది. చిట్టెలుకలకు 100 మి.గ్రా./కిలో చొప్పున వరుసగా 4 రోజులు ఇచ్చి నిల్వలు తగ్గించి, తర్వాత మూలిక ఇస్తారు. మూలిక ఇచ్చినా కదలని సమయం తగ్గకపోతే, దాని ప్రభావానికి సెరటోనిన్ అవసరమని అర్థం. ఇలాగే గ్రాహకాలను (కణాల మీద రసాయనాలు అతుక్కునే చోట్లను) అడ్డుకోవడానికి సెరటోనిన్ 5-హెచ్‌టీ1ఎకు వే-100635, నారడ్రినలిన్ ఆల్ఫా-1కు ప్రాజోసిన్, డోపమిన్ డీ2కు సల్పిరైడ్ వాడతారు.

ఇక్కడ విద్యార్థులు వదిలేసే గ్రూపు ఒకటుంది: అడ్డుకునే మందు ఒక్కటే ఇచ్చిన జంతువులు. ఆ మందే సొంతంగా కదలికను తగ్గిస్తే మీ వాదన మొత్తం కూలిపోతుంది. ఇంకో మాట: పీసీపీఏతో ప్రభావం పోయినంత మాత్రాన మూలిక నేరుగా సెరటోనిన్ మీద పనిచేస్తుందని అనలేం. ఆ దారి గుండా వెళ్తుందని మాత్రమే అనగలం.

ఈత పరీక్ష అయిన వెంటనే మెదడు తీసి కొలవొచ్చా?

వద్దు. ఈత అనే ఒత్తిడే ఆ నిమిషాల్లో మోనోఅమైన్లనూ ఒత్తిడి హార్మోను కార్టికోస్టిరాన్‌నూ మార్చేస్తుంది. రసాయన కొలతలకు వేరే జంతువుల జట్టును ముందే ఉంచుకోవాలి. మంచు మీద త్వరగా విడదీసి, −80 డిగ్రీల్లో దాచండి. కార్టికోస్టిరాన్ ఎలుకల్లో చీకటి పడే ముందు శిఖరానికి చేరుతుంది. ఒక గ్రూపుకు పొద్దున, ఇంకోదానికి సాయంత్రం రక్తం తీస్తే ఆ తేడా మందుది కాదు, గడియారానిది.

బీడీఎన్‌ఎఫ్ పెరిగితే మంచిదే కదా?

ఏ భాగంలో అన్నదాన్ని బట్టి. నాడీకణాలను పోషించే ఈ ప్రొటీన్ హిప్పోకాంపస్‌లో (జ్ఞాపకాలకు సంబంధించిన మెదడు భాగంలో) దీర్ఘకాలపు ఒత్తిడితో తగ్గుతుంది, యాంటీడిప్రెసెంట్లతో పెరుగుతుంది. ఒత్తిడి పెట్టిన ఎలుకలకు బ్రాహ్మి ఇచ్చినప్పుడు హిప్పోకాంపస్‌లో బీడీఎన్‌ఎఫ్ కోలుకుందని మన దేశపు పరిశోధకులే చూపించారు. కానీ ఆనందానికి సంబంధించిన డోపమిన్ దారిలో, అంటే నడిమెదడు నుంచి న్యూక్లియస్ అక్యుంబెన్స్‌కు వెళ్లే దారిలో, ఇదే ప్రొటీన్ తోటి చిట్టెలుక చేతిలో పదేపదే ఓడిపోయిన చిట్టెలుకను ఇంకా కుంగదీస్తుందని 2006లో తేలింది. మొత్తం మెదడును నూరి ఒకే అంకె ఇస్తే ఈ రెండూ కలిసిపోయి ఏమీ తెలియదు.

కిట్టును కూడా చూసుకోండి. ముడి రూపం ప్రో-బీడీఎన్‌ఎఫ్ సుమారు 32 కిలోడాల్టన్లు, పక్వ రూపం సుమారు 14. రెండింటి పనులూ దాదాపు ఎదురెదురు. ప్రొటీన్ మొత్తాన్ని కొలిచే మామూలు ఎలైసా కిట్లు చాలావరకు వీటిని విడదీయలేవు; ప్రొటీన్లను సైజును బట్టి విడదీసే వెస్టర్న్ బ్లాట్ చేస్తే రెండు గీతలూ వేరుగా కనిపిస్తాయి.

బకోసైడ్లు అసలు మెదడులోకి వెళ్తాయా?

చక్కెర గొలుసులు తగిలించుకున్న పెద్ద అణువులవి. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను ఆ రూపంలో దాటడం కష్టం. పేగుల్లో చక్కెరలు ఊడిపోయి జుజుబోజెనిన్, సూడోజుజుబోజెనిన్ వంటి చిన్న రూపాలు మిగులుతాయి. పని వాటిదే కావచ్చన్నది బలమైన ఊహ. నోటి ద్వారా ఇచ్చి మెదడులో ఏ పదార్థం ఎంత చేరిందో కొలిచినవాళ్ల మాటకే బరువు.

కంప్యూటర్లో డాకింగ్ (అణువు గ్రాహకంలో ఎలా కూర్చుంటుందో లెక్కించడం) చేస్తే గ్రాహకానికి బాగా అతుక్కుంది. అది సాక్ష్యం కాదా?

కాదు, అది ఊహకు ఒక ఆధారం. మెదడుకు చేరని అణువును కూడా కంప్యూటర్ గ్రాహకంలో చక్కగా కూర్చోబెడుతుంది. డాకింగ్ స్కోరు చూసి తర్వాతి ప్రయోగం ఎంచుకోండి. "మెకానిజం" అన్న శీర్షిక కింద దాన్నొక్కదాన్నే పెట్టకండి.

## లెక్కలు, రాత

మధ్య డోసులోనే ఫలితం వచ్చింది, పెద్ద డోసులో రాలేదు. తప్పు చేశామా?

తప్పనిసరిగా తప్పేమీ కాదు. గంట ఆకారంలో వంగే డోసు రేఖలు మూలికల్లో మామూలే. పెద్ద డోసులో మత్తు కలిగించే పదార్థాలు బయటపడి కదలిక తగ్గొచ్చు. ఓపెన్ ఫీల్డ్ అంకెలు చూడండి. అంతే తప్ప పెద్ద డోసు గ్రూపును పట్టికలోంచి తీసేయొద్దు.

ఏ తేడా రాలేదు. థీసిస్ పోయినట్టేనా?

పోలిక కోసం పెట్టిన ఇమిప్రమిన్ గ్రూపులో ఆశించిన తేడా వచ్చి మూలిక గ్రూపులో రాకపోతే అది విలువైన ఫలితం: పరీక్ష పనిచేసింది, మూలిక పనిచేయలేదు. ఇమిప్రమిన్‌కే తేడా రాకపోతే పరీక్షలోనే లోపం ఉంది. జంతు ప్రయోగాలను ఎలా రాయాలో చెప్పే ఎరైవ్ మార్గదర్శకాల ప్రకారం యాదృచ్ఛికంగా గ్రూపులు ఎలా చేశారు, ఏ జంతువును ఎందుకు తీసేశారు అన్నవన్నీ రాసి సమర్పించండి.

## మనుషుల దగ్గరికి వస్తే

ఎలుకల్లో ఇమిప్రమిన్‌తో సమానమని పేపర్లో ఉంది. మా అమ్మకి బ్రాహ్మి ఇవ్వొచ్చా?

ఆ "సమానం" అన్నది నీళ్లలో కదలని సెకన్ల గురించి. బనారస్ అధ్యయనంలో ఎలుకలకు 5 రోజులు సారం ఇచ్చి చూశారు. మంచి పనే, కానీ అది ఎలుకల ఫలితం. మనుషుల్లో చూస్తే, 2008లో అమెరికాలో 65 ఏళ్లు దాటిన 54 మందికి 12 వారాలు రోజుకు 300 మి.గ్రా. లేదా ఉత్త మాత్ర ఇచ్చారు. బ్రాహ్మి తీసుకున్నవాళ్లలో పదాలు గుర్తుండటం మెరుగైంది, దిగులు స్కోరు కూడా కొంత తగ్గింది. అయితే వాళ్లు డిప్రెషన్ రోగులు కారు, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు. డిప్రెషన్ ఉన్న మనిషికి మందు బదులు ఇవ్వడానికి ఈ ఆధారం చాలదు.

మూలిక కాబట్టి సైడ్ ఎఫెక్టులు ఉండవుగా?

పనిచేసే పదార్థం ఉంటే పక్క ప్రభావం కూడా ఉంటుంది. బ్రాహ్మితో కొందరికి వికారం, కడుపు నొప్పి, విరేచనాలు వస్తాయి. మగ చిట్టెలుకలకు 250 మి.గ్రా./కిలో చొప్పున వారాల పాటు ఇస్తే వీర్యకణాల తయారీ తగ్గింది, ఆపాక మళ్లీ మామూలైంది.

ఇతర మందులతో కలిసినప్పుడు ఏమవుతుందో సెయింట్ జాన్స్ వర్ట్ చూపించింది. యూరప్‌లో తేలికపాటి డిప్రెషన్‌కు బాగా వాడే ఈ మూలికకు మనుషుల మీద పెద్ద పరీక్షల ఆధారం కూడా ఉంది. కానీ అందులోని హైపర్‌ఫోరిన్ కాలేయంలో మందులను విరిచే ఎంజైములను పెంచుతుంది. గుండె మార్పిడి చేయించుకున్నవాళ్లలో సైక్లోస్పోరిన్ స్థాయి పడిపోయి, శరీరం కొత్త గుండెను తిరస్కరించిన కేసులు 2000లో బయటికొచ్చాయి. గర్భనిరోధక మాత్రలు, వార్ఫరిన్ కూడా బలహీనపడతాయి. సెరటోనిన్ పెంచే మాత్రలతో కలిపితే ప్రమాదం వేరే రకం: సెరటోనిన్ మితిమీరి జ్వరం, వణుకు, అయోమయం.

డాక్టర్ రాసిన మాత్రలు ఆపేసి ఆకు మొదలుపెడదామనుకుంటున్నాం. మీరేమంటారు?

ఆపకండి. ఈ మాత్రలు హఠాత్తుగా మానితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం వస్తాయి, అసలు జబ్బు కూడా తిరిగి రావచ్చు. ఏ మూలిక తీసుకుంటున్నా ఆ డబ్బా పట్టుకెళ్లి మీ సైకియాట్రిస్టుకు చూపించండి. మాత్ర తగ్గించాలంటే నెమ్మదిగా, ఆయన చెప్పినట్టే. ఇంట్లో ఎవరైనా బతకాలని లేదంటున్నారంటే ఆకు గురించీ మాత్ర గురించీ ఆలోచిస్తూ కూర్చోవద్దు. వాళ్లను ఒంటరిగా వదలకుండా వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి. టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.